ఒకటి నడపడానికి, ఒకటి విప్పడానికి

"ఒకటి స్టార్ట్ అవుతుంది. రెండోది స్పేర్లకు పనికొస్తుంది. విడిగా ఇవ్వం, రెండూ కలిపి తీసుకెళ్ళాలి." అమెరికాలో పాత మోటార్‌సైకిలు కొందామని ప్రకటనలు తిరగేసేవాళ్ళకు ఈ వరస తరచూ తగులుతుంది. ఫొటోలో ముందున్న బండికి దుమ్ము దులిపి ఉంటుంది. దాని వెనక, గ్యారేజీ గోడకు ఆనించి, ట్యాంకు లేకుండా, సీటు చిరిగి, ముందు చక్రం ఊడదీసిన ఇంకోటి కనిపిస్తుంది. ఆ రెండోదాన్ని అక్కడ పార్ట్స్ బైక్ అంటారు. మొదటి బండికి కావలసిన సామాను విప్పుకోవడానికే ఉంచుకునే బండి అది.

ధర చూడగానే ఆశ పుడుతుంది. ఎలాగూ ఒకటి కొంటున్నాం, ఇంకో కొన్ని వందల డాలర్లు వేస్తే పూర్తి బండెడు సామాను అడ్డికి పావుశేరు లెక్కన వస్తోంది కదా అనిపిస్తుంది. అయిదేళ్ళ తరవాత చూస్తే కొందరి గ్యారేజీలో మెరిసే బండి ఒకటి ఉంటుంది. ఇంకొందరి గ్యారేజీలో సగం విప్పిన బండ్లు రెండు ఉంటాయి. ఈ తేడా అదృష్టం మీద కన్నా కొనే రోజు అడిగిన, అడగని ప్రశ్నల మీద ఆధారపడి ఉంటుంది.

మన దగ్గర ఈ రెండో బండి అవసరం అంతగా రాదు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక బుష్ అరిగిపోతే లేత్ మీద కొత్తది తిప్పి ఇచ్చేవాళ్ళు వీధికొకరున్నారు. విరిగిన లివర్‌ని వెల్డింగ్ చేసి సాయంత్రానికి చేతిలో పెడతారు. అమెరికాలో ఆ పనికి మనిషి దొరకడమే కష్టం. వర్క్‌షాప్ కూలీ చాలాచోట్ల గంటకు వంద డాలర్లు దాటింది. కంపెనీ డీలర్లలో చాలామంది పదిహేను, ఇరవై ఏళ్ళు పైబడిన బండిని అసలు లోపలికే రానివ్వరు. అందుకే పాత బండి కొన్నవాడే మెకానిక్ అవుతాడు. వస్తువు పాడైతే బాగుచేయించడం కన్నా అలాంటిదే ఇంకోటి తెచ్చి బిగించడం సులువు కాబట్టి స్పేర్ల బండి అనే అలవాటు అక్కడ వేళ్ళూనుకుంది.

బండ్లు కూడా అక్కడ అంత విరివిగా ఉన్నాయి. హోండా కంపెనీ 1959లో లాస్ ఏంజెలిస్‌లో చిన్న దుకాణంగా మొదలుపెట్టిన వ్యాపారం పదేళ్ళలో దేశమంతా పాకింది. 1968 నుంచి 1973 దాకా అమ్మిన సీబీ350, దాని అన్నదమ్ములు కలిపి మూడు లక్షలకు పైనే వెళ్ళాయి. 1969లో వచ్చిన సీబీ750 అయితే మోటార్‌సైకిళ్ళ లోకాన్నే మార్చేసింది. వరసగా నాలుగు సిలిండర్లు, ముందు చక్రానికి డిస్క్ బ్రేకు, బటన్ నొక్కితే స్టార్టు, ఇవన్నీ కలిపి 1,495 డాలర్లకే. 1978 వరకు ఆ తరం బండ్లు నాలుగు లక్షలకు పైగా తయారయ్యాయి. వాటిలో ఎన్నో నాలుగైదేళ్ళు తిరిగి, పిల్లలు పుట్టాకో ఉద్యోగం మారాకో గ్యారేజీ మూలకు చేరాయి. ఆనాటి కుర్రాళ్ళకు ఇప్పుడు డెబ్భై దాటింది. ఇల్లు ఖాళీ చేసి చిన్న ఫ్లాటుకు మారేటప్పుడు ఆ బండ్లు బయటికొస్తున్నాయి.

కాబట్టి దొరకడం సమస్య కాదు. ఏది కొనాలన్నదే సమస్య.

నాడా దొరికిందని గుర్రాన్ని కొన్నట్టు, చవకగా ట్యాంకో సైలెన్సరో వస్తోందని బండి కొనేవాళ్ళు ఈ సరదాలో బోలెడంతమంది. ముందు తేల్చుకోవలసింది వేరే ఉంది. ఆ మోడల్‌కి కొత్త సామాను ఇప్పటికీ తయారవుతోందా? అవుతుంటే స్పేర్ల బండికి అర్థం లేదు. ట్రయంఫ్ బానవిల్ సంగతే తీసుకోండి. 1960ల నాటి ఆ ఇంగ్లిష్ బండికి పిస్టన్లు, రింగులు, మడ్‌గార్డులు, కేబుళ్ళు, ట్యాంకు దాకా కొత్తవి దొరుకుతాయి. పాత హార్లేలకూ అంతే. వీటి విషయంలో రెండో బండి తెచ్చుకుంటే, ఒక అరిగిన వస్తువు తీసి ఇంకో అరిగిన వస్తువు పెట్టినట్టవుతుంది.

కంపెనీయే మరిచిపోయిన మోడళ్ళ సంగతి పూర్తిగా వేరు. సుజుకీ 1974లో ఆర్ఈ5 అని రోటరీ ఇంజన్ బండి తెచ్చి 1976కల్లా ఆపేసింది. యమహా టీఎక్స్750 కూడా ఎక్కువ కాలం నిలవలేదు. హోండా సీఎక్స్500 టర్బో 1982లో ఒక్క ఏడాదే వచ్చింది. మరుసటి ఏడు దాని స్థానంలో 650 టర్బో వచ్చి, అదీ ఏడాదితో ఆగిపోయింది. ఇలాంటి బండికి ఒక ప్లాస్టిక్ కవరు పగిలినా, ఒక ఎలక్ట్రికల్ బాక్సు కాలిపోయినా కొత్తది ఎక్కడా తయారు కాదు. ఇలాంటి బండి కొనేవాడు రెండోది కనిపిస్తే వదులుకోకూడదు. నడిచే స్థితిలో లేకపోయినా ఫరవాలేదు, అన్ని వస్తువులూ ఉండటం ముఖ్యం.

ఈ రెండు కొసలకూ మధ్యలో 1970ల జపాన్ బండ్లున్నాయి. వీటికి గాస్కెట్లు, పాయింట్లు, క్లచ్ ప్లేట్లు, బ్రేక్ షూలు, కార్బురేటర్ రబ్బర్లు సులువుగా దొరుకుతాయి. పైకి కనిపించేవే దొరకవు. సీబీ750కి నాలుగు సైలెన్సర్లుంటాయి. తుప్పు పట్టని అసలు సెట్టు దొరికితే దాని ధర ఒక్కోసారి పాడుపడ్డ బండి ధరను మించిపోతుంది. సైడ్ కవర్లదీ ఇదే కథ. అవి రబ్బరు బుడిపెల్లోకి నొక్కి బిగించే రకం. ఏళ్ళు గడిచాక రబ్బరు గట్టిపడుతుంది, లాగినప్పుడు ప్లాస్టిక్ మేకు విరుగుతుంది, ఆ తరవాత ఏదో ఒక రోజు హైవే మీద కవరు ఎగిరిపోతుంది. అందుకే బేరానికి వెళ్ళినవాళ్ళు ఇంజన్ కన్నా ముందు మీటర్లు, సైడ్ కవర్లు, సైలెన్సర్లు, సీటు కింది రేకు చూడాలి. ఇవన్నీ ఉన్న బండి, ఇంజన్ పట్టేసి ఉన్నా, వీటిలో సగం పోయి ఇంజన్ తిరిగే బండి కన్నా మేలు. ఇంజన్ బాగు చేయడానికి సామాను కొనుక్కోవచ్చు. పోయిన కవరు కోసం ఏళ్ళు వెతకాలి.

పేర్లు చూసి మోసపోయే చోటు కూడా ఇదే. హోండా సీబీ350 రెండు సిలిండర్ల బండి. 1972లో అదే కంపెనీ సీబీ350ఎఫ్ అని నాలుగు సిలిండర్ల బండి తెచ్చింది. పేరులో ఒక్క అక్షరమే తేడా, కాని ఒకదాని ఇంజన్ సామాను ఇంకోదానికి దగ్గరికి కూడా రాదు. మరోవైపు సీబీ350, సైలెన్సర్లు పైకెత్తి పెట్టిన సీఎల్350 మాత్రం ఇంజన్‌లో దాదాపు కవలలు. సీబీ750లోనే తొలి బండ్లకు యాక్సిలరేటర్ నుంచి నాలుగు కార్బురేటర్లకూ వేర్వేరు తీగలు చీలి వెళ్ళేవి, ఆ తరవాతి మోడల్ నుంచి ఆ ఏర్పాటే మారిపోయింది. సైడ్ కవర్ల అచ్చు కూడా మారింది.

1980ల బండ్లలో ఇంకో చిక్కుంది. హార్లే కంపెనీని కాపాడటానికి 1983లో రీగన్ ప్రభుత్వం 700 సీసీ దాటిన విదేశీ మోటార్‌సైకిళ్ళ మీద సుంకాన్ని 4.4 శాతం నుంచి ఒక్కసారిగా 49.4 శాతానికి పెంచింది. జపాన్ కంపెనీలు ఊరుకోలేదు. 750 ఇంజన్లను కాస్త కుదించి 700 చేసి అమెరికాకు పంపాయి. హోండా నైట్‌హాక్ 700 అలా పుట్టినదే. ఈ బండ్లకు ఇతర దేశాల్లో అమ్మిన 750 నుంచి బయటి సామాను చాలామటుకు సరిపోతుంది. ఇంజన్ లోపలివి కొనేముందు మాత్రం కంపెనీ పార్ట్ నంబరు చూసుకుని తీరాలి. స్పేర్ల బండి కొనేవాళ్ళకు ఆ పార్ట్స్ పుస్తకమే అసలు దిక్కు. అమ్మేవాడు "అన్నీ ఒకటేనండీ" అంటే నమ్మడానికి లేదు.

తెలుగువాళ్ళకు ఇక్కడో సొంత కథ ఉంది. ఎనభైల్లో మన ఊళ్ళలో కాలేజీ కుర్రాళ్ళు కలలుగన్న రాజ్‌దూత్ 350 అసలు యమహా ఆర్‌డీ350. ఎస్కార్ట్స్ కంపెనీ దాన్ని 1983లో ఇక్కడ తయారు చేయడం మొదలుపెట్టేనాటికి అమెరికాలో అది పాత బండి. అక్కడ 1973 నుంచి 1975 వరకు అమ్మారు. అమెరికా బండికి ముందు డిస్క్ బ్రేకు, మన బండికి డ్రమ్ము. ఇంజన్ శక్తిని కూడా మనకు తగ్గించి ఇచ్చారు. నాన్న తోలిన రాజ్‌దూత్ మీద ప్రేమతో డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్ళు ఆర్‌డీ350 వెతుక్కోవడంలో ఆశ్చర్యం లేదు. దానికి ముందొచ్చిన ఆర్5, తరవాతొచ్చిన ఆర్‌డీ400 కూడా చూపుకు దగ్గరగానే ఉంటాయి. ఆర్5 ఇంజన్‌లో ఆర్‌డీకి ఉన్న రీడ్ వాల్వులే లేవు. ఆర్‌డీ400 కొలతలు వేరు. స్పేర్ల బండి అని ఆర్5 తెచ్చుకుంటే సిలిండర్లు పనికిరావు.

బుల్లెట్ విషయంలో మాత్రం బెంగ లేదు. 1955లో మద్రాసులో మొదలైన ఎన్‌ఫీల్డ్ ఇండియా, ఇంగ్లండ్‌లోని మాతృసంస్థ మూతపడ్డాక కూడా దశాబ్దాల తరబడి ఆ పాత ఇనుప ఇంజన్ బుల్లెట్‌నే పెద్ద మార్పుల్లేకుండా తయారు చేస్తూ వచ్చింది. 1990ల నుంచి ఆ మద్రాసు బుల్లెట్లు అమెరికాలోనూ అమ్ముడయ్యాయి. వాటి సామాను ఇండియాలో ఏ పట్టణంలోనైనా దొరుకుతుంది, సూట్‌కేసులో పట్టేవి చాలా ఉన్నాయి. బుల్లెట్‌కి స్పేర్ల బండి కొనడం డబ్బు దండగ.

ఊళ్ళో మూలన పడ్డ ఆర్ఎక్స్100ని ఓడ ఎక్కించి తెచ్చుకుందామనుకునేవాళ్ళూ ఉన్నారు. అమెరికా నిబంధనల ప్రకారం తయారై 25 ఏళ్ళు నిండిన బండికి అక్కడి భద్రతా ప్రమాణాల నుంచి, 21 ఏళ్ళు నిండి అసలు రూపంలోనే ఉన్న బండికి కాలుష్య ప్రమాణాల నుంచి మినహాయింపు ఉంది. ఆర్ఎక్స్100 తయారీ 1996లోనే ఆగింది కాబట్టి వయసు అడ్డు రాదు. ఇంజన్ మార్చి, కొత్త రకం కార్బురేటర్ పెట్టి ముస్తాబు చేసిన బండితోనే చిక్కు.

ఇక అసలు గండం కాగితాల్లో ఉంది. మన ఆర్‌సీకి బదులు అమెరికాలో టైటిల్ అని ఒక పత్రం ఉంటుంది, రాష్ట్ర ప్రభుత్వం ఇస్తుంది. చాలా స్పేర్ల బండ్లకు అది ఉండదు. అందుకే అవి చవక. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. న్యూయార్క్‌లో 1972, అంతకు ముందు మోడళ్ళకు అసలు టైటిలే ఇవ్వరు, పాత రిజిస్ట్రేషన్ పత్రమే ఆధారం. టెక్సస్‌లో టైటిల్ పోయిన బండికి దాని విలువకు ఒకటిన్నర రెట్లు బాండు కట్టి కొత్తది తీసుకునే దారి ఉంది. వెర్మాంట్ రాష్ట్రం పదిహేనేళ్ళు దాటిన బండ్లకు టైటిల్ అడగకుండా, వేరే రాష్ట్రాలవాళ్ళకు కూడా తపాలాలో రిజిస్ట్రేషన్ పంపేది. పాత బండ్లవాళ్ళందరికీ అది పెద్ద ఆసరాగా ఉండేది. 2023లో ఆ వీలును బిగించేశారు. "వెర్మాంట్ నుంచి తెచ్చుకోండి, తేలికే" అని ఇప్పటికీ చెప్పే అమ్మకందారు పాత మాట చెబుతున్నట్టే.

బండి గుర్తింపు దేని మీద ఉంటుందో కూడా తెలియాలి. 1981 మోడళ్ళ నుంచి 17 అక్షరాల నంబరు ఛాసిస్ మీద ఉంటుంది. అంతకు ముందు కంపెనీకో పద్ధతి. పాత హోండాల్లో ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఫ్యాక్టరీలోనే అంకెకు అంకె కలవవు, కాబట్టి కలవలేదని కంగారు పడనక్కర్లేదు. పాత ట్రయంఫ్‌లలో రెండూ ఒకటే ఉండాలి, లేకపోతే ఇంజన్ మారిందన్నమాట. 1970కి ముందు హార్లేలకు ఛాసిస్ మీద నంబరే లేదు, ఇంజన్ మీదున్నదే బండి నంబరు. అలాంటి హార్లేకి స్పేర్ల బండి ఇంజన్ ఎక్కిస్తే కాగితాల ప్రకారం అది ఇంకో బండి అయిపోతుంది. ఒక ఛాసిస్ మీద నంబరు చెరిపి ఇంకోదాని నంబరు కొట్టడం ఫెడరల్ నేరం, అలా దొరికిన బండిని పోలీసులు పట్టుకుపోతారు, అమాయకంగా కొన్నానన్నా తిరిగి రాకపోవచ్చు. డబ్బు చేతులు మారకముందే ఆ నంబరు దొంగ బండ్ల జాబితాలో ఉందో లేదో చూసుకోవడం అందుకే. స్పేర్ల బండి విషయంలో చాలామంది "విప్పేదే కదా" అని ఈ పని చేయరు. దొంగ బండి నుంచి తీసిన ఇంజన్ మీదా నంబరు ఉంటుంది.

సామాను మారుతూ పోతే అసలు బండి ఏదన్న ప్రశ్నకు హాలీవుడ్‌లో పెద్ద ఉదాహరణే ఉంది. 1969 నాటి ఈజీ రైడర్ సినిమా కోసం వేలంలో కొన్న పాత పోలీసు హార్లేలతో క్లిఫ్ వాజ్, బెన్ హార్డీ అనే నల్లజాతి నిపుణులు నాలుగు బండ్లు తయారు చేశారు. సినిమా విడుదల కాకముందే వాటిలో మూడు దొంగతనానికి గురయ్యాయి. విడదీసి స్పేర్లుగా అమ్మేశారనే అందరూ అనుకుంటారు. మిగిలిన ఒక్కటి పతాక సన్నివేశంలో ధ్వంసమైంది, తరవాత దాన్ని తిరిగి కట్టారు. 2014లో అదేనంటూ ఒక బండి వేలానికొచ్చి 13 లక్షల 50 వేల డాలర్ల పాట పలికింది. అది అసలుదని పత్రం రాసిచ్చిన మనిషే ఇంకో చోట ఇంకో బండికీ అలాంటి పత్రంపై సంతకం చేశాడని బయటపడి పెద్ద గొడవైంది. చరిత్ర ఉన్న బండికే ఈ గతి పడితే, కాగితాల్లేని రెండు బండ్లు కలిపి ఒకటి కట్టేవాళ్ళు ప్రతి వస్తువు ఎక్కడి నుంచి వచ్చిందో రాసి పెట్టుకోవడం ఎంత అవసరమో వేరే చెప్పాలా?

బండి దగ్గరికి వెళ్ళాక చూడవలసింది చేత్తో చూడాలి. ముందు ట్యాంకు మూత తీయండి. మంచి పెట్రోలు వాసన వేరు, ఏళ్ళు నిలవున్న పెట్రోలు వార్నిష్‌లా ముక్కు మండిస్తుంది. టార్చ్ వేసి చూస్తే అడుగున గోధుమరంగు పొడి రాలుతోందంటే తుప్పు లోపల తింటోందన్నమాట. ఇప్పటి అమెరికా పెట్రోలులో పది శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది తేమను పీల్చుకుంటుంది. తరవాత కార్బురేటర్ కింది గిన్నె విప్పాలి. అక్కడి స్క్రూలు చూపుకు మామూలు ఫిలిప్స్‌లా ఉంటాయి గాని జపాన్ కొలతవి. మామూలు స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే తల అరిగిపోతుంది. అప్పటికే అరిగిన తలలు కనిపిస్తే ఎవరో తొందరపడి చెయ్యి పెట్టారన్నమాట. గిన్నె అడుగున పచ్చగా, జిగురుగా పేరుకున్నది పాత పెట్రోలు. గిన్నె తీసినచోట పైన కనిపించే చిన్న జెట్‌ని విప్పి వెలుతురుకెత్తి చూస్తే గుండుసూది మొన పట్టేంత రంధ్రం కనిపించాలి. చీకటిగా ఉంటే బండి ఐడిల్‌లో నిలవదు. అమ్మేవాడు "కార్బురేటర్ కడిగితే చాలు" అన్నప్పుడు అది నిజమో కాదో ఈ ఒక్క గిన్నె చెబుతుంది.

కిక్కు రాడ్‌ని కాలితో తన్నకుండా చేత్తో మెల్లగా దించండి. మెత్తగా ఆగి ఆగి కదిలితే కంప్రెషన్ ఉంది. రాయిలా ఉంటే పట్టేసింది. తొలి సీబీ750 అయితే ముందు స్ప్రాకెట్ వెనక ఇంజన్ కేసు మీద వెల్డింగ్ మచ్చ కోసం వెతకాలి. ఆ రోజుల్లో చైను తెగి ఇంజన్ కేసును పగలగొట్టడం ఆ బండికి తెలిసిన జబ్బు. మొదటి 7,414 బండ్ల ఇంజన్ కేసులు గరుకుగా ఉంటాయి, వాటికే 'శాండ్‌కాస్ట్' అన్న పేరు పడింది. వాటికి సేకరణదారులు ఎన్నో రెట్లు ఇస్తారు. అందుకే స్పేర్ల బండి పేరుతో చవకగా వస్తున్నదాని ఇంజన్ నంబరు ముందే చూడటం మంచిది. విప్పాలనుకున్నదే అసలు నిధి కావచ్చు.

ఇప్పుడు డబ్బు సంగతి. ఊహించి ఒక లెక్క వేద్దాం. నడిచే సీబీ350కి 2,000 డాలర్లు, స్పేర్ల బండికి 400 అనుకోండి. నడిచేదానికి కావలసింది ఒక జత సైడ్ కవర్లు, ఒక మీటరు, ఒక ఫోర్కు గొట్టం. ఈ మూడూ విడిగా కొంటే 300లో వచ్చే పక్షంలో స్పేర్ల బండి నష్టమే, పైగా దాన్ని తీసుకురావడానికి ట్రైలర్ అద్దె ఉంది. "మిగతావి అమ్మేస్తే లాభమే కదా" అంటారు. అమ్మొచ్చు. ప్రతి వస్తువూ విప్పి, కడిగి, ఫొటో తీసి, పేరు రాసి, డబ్బాలో సర్ది పోస్ట్ చేయాలి. పెట్రోలు వాసన పోని ట్యాంకుని పార్సెల్‌లో పంపకూడదు. సాయంత్రాలన్నీ దానికే పోతాయి, చివరికి ఎవరూ అడగని వస్తువులే మిగులుతాయి. ఖర్చు తడిసి మోపెడయ్యేది ఇక్కడే. అదే ఇంజన్ లోపలి పెద్ద సామాను, అంటే క్రాంక్, హెడ్డు, గేర్ల సెట్టు కావలసి ఉంటే లెక్క తారుమారవుతుంది. అవి విడిగా కొనడం ఖరీదు, విడిగా కొన్నప్పుడు అవి ఏ స్థితిలో ఉన్నాయో చూసే వీలు కూడా ఉండదు. మొత్తం బండిగా వస్తే కిక్కు కొట్టి చూసుకోవచ్చు.

చోటు విషయం చిన్నదనిపిస్తుంది, కాదు. టెక్సస్‌లోని ఫ్రిస్కో, ఇర్వింగ్ లాంటి ఊళ్ళలో తెలుగు కుటుంబాలు ఉండే కాలనీల్లో చాలావాటికి ఇళ్ళ యజమానుల సంఘాలుంటాయి. రిజిస్ట్రేషన్ లేని, నడవని బండి ఇంటి ముందు కనిపిస్తే నోటీసు వస్తుంది, ఆ తరవాత జరిమానా. అంటే అది గ్యారేజీలోనే ఉండాలి. అక్కడ కార్లున్నాయి, ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నల సూట్‌కేసులున్నాయి. "ఉన్నదొకటే ఇంకా నడవట్లేదు, రెండోదెందుకండీ?" అని ఇంట్లో అడిగితే ఆ ప్రశ్న న్యాయమైనదే. ఇంకో సంగతి, అక్కడి ఇళ్ళలో గ్యాస్ వాటర్ హీటర్ తరచూ గ్యారేజీలోనే ఉంటుంది. స్పేర్ల బండి ట్యాంకులో పెట్రోలు అలాగే వదిలేసి పక్కన పెట్టడం ప్రాణాంతకం. బయట పెట్టి నీలం టార్పాలిన్ కప్పితే తేమ లోపలే నిలిచి రెండు వర్షాకాలాల్లో తుప్పు మొత్తం తినేస్తుంది. పెట్రోలు, కార్బురేటర్లు ఖాళీ చేసి, ప్లగ్గు రంధ్రాల్లోంచి కాస్త నూనె పోసి, నెలకోసారి ఇంజన్ చేత్తో తిప్పితేనే అది స్పేర్ల బండిగా పనికొస్తుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. రెండు బండ్లలో ఏది విప్పాలన్న నిర్ణయం చాలామంది మొదటి రోజే తీసేసుకుంటారు, అదీ మెరుపు చూసి. రంగు బాగున్నదాన్ని ఉంచి, దుమ్ము పట్టినదాన్ని విప్పుతారు. తీరా చూస్తే దుమ్ము పట్టినదే పుట్టినప్పటి నుంచి చెయ్యి పడని బండి కావచ్చు. 1908 నాటి ఒక హార్లే స్ట్రాప్ ట్యాంక్ బండి 1941లో విస్కాన్సిన్‌లో ఒక కొట్టంలో దొరికింది. దొరికినాయన దాన్ని అరవై ఏళ్ళకు పైగా అట్టిపెట్టుకున్నాడు. తరవాత బాగు చేసినప్పుడు కూడా ట్యాంకు, చక్రాలు, సీటు కవరు లాంటివి దాని సొంతవే ఉంచారు. 2023 జనవరిలో లాస్ వేగాస్ వేలంలో అది 9,35,000 డాలర్లకు పోయింది. 1941లో ఎవరైనా దాన్ని స్పేర్లకని విప్పి ఉంటే ఈ కథే లేదు.

అది హార్లే, మరీ పాతది, మామూలు హోండాకి ఆ గౌరవం ఎక్కడిదంటారా? రచయిత రాబర్ట్ పిర్సిగ్ 1968లో కొడుకును వెనక ఎక్కించుకుని మిన్నెసోటా నుంచి కాలిఫోర్నియా దాకా వెళ్ళిన ప్రయాణమే పేరులోనే మోటార్‌సైకిల్ మరమ్మతు ఉండి, 1974లో వచ్చి లక్షల ప్రతులు అమ్ముడైన పుస్తకానికి పునాది. ఆ బండి 305 సీసీ హోండా సూపర్ హాక్. పెద్ద ధర బండేమీ కాదు. పిర్సిగ్ 2017లో పోయేదాకా దాన్ని అమ్మలేదు. 2019లో ఆయన భార్య దాన్ని వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియానికి ఇచ్చారు. ఆ మోడల్ బండ్లు ఎన్నో ఈలోగా ముక్కలై పోయాయి. లక్షల్లో తయారయ్యాయి కదా అన్న ధీమాతో విప్పుకుంటూ పోవడం వల్లే ఈనాడు కొన్ని మోడళ్ళు పూర్తి రూపంలో కనపడటం అరుదైపోయింది.

కాబట్టి స్పేర్ల బండి కొన్నవాళ్ళు దాన్ని ఒక్కసారిగా విప్పొద్దు. అవసరమైన వస్తువు ఒక్కటి తీసి, మిగతాది నిలబెట్టే ఉంచాలి. తీసినచోట ఏం తీశారో చీటీ కట్టాలి. ఛాసిస్‌ని కోసి తుక్కుకు వేయడం అసలే వద్దు. బండి పుట్టుక దాని మీదే ఉంది. టైటిల్ ఉన్న ఛాసిస్ ఒక్కటే మిగిలినా, దాని చుట్టూ మళ్ళీ బండి కట్టుకునేవాళ్ళు దేశంలో ఎక్కడో ఉంటారు.

ఒక గడువు కూడా పెట్టుకోవాలి. మొదటి బండి రోడ్డెక్కిన ఏడాదిలోపు రెండోదాని నుంచి ఇంకేమీ తీయకపోతే, ఇక తీసేదీ ఉండదు. అప్పుడు దాన్ని అట్టిపెట్టుకోవడం పొదుపు కాదు, ఇంకొకరికి అందాల్సిన వస్తువును మూలన పెట్టి తుప్పు పట్టించడమే. ఏటా జూలైలో ఒహాయోలోని మిడ్-ఒహాయో రేస్ ట్రాక్ దగ్గర అమెరికన్ మోటార్‌సైక్లిస్ట్ అసోసియేషన్ పాత బండ్ల ఉత్సవం జరుపుతుంది. అక్కడి సంతలో ఎకరాల మేర పాత సామాను పరిచి ఉంటుంది. అక్టోబరులో అలబామాలోని బర్మింగ్‌హామ్ దగ్గర బార్బర్ మ్యూజియం ఆవరణలో మరో పెద్ద సంత. ముప్ఫై అయిదేళ్ళు దాటిన బండ్ల కోసం 1954 నుంచి ఉన్న యాంటిక్ మోటార్‌సైకిల్ క్లబ్ శాఖలు పెన్సిల్వేనియాతో సహా చాలా రాష్ట్రాల్లో ఇలాంటివి నడుపుతాయి. కొనబోయేవాళ్ళు బేరం మొదలుపెట్టకముందే ఒకసారి వీటిలో తిరిగి, తమకు కావలసిన సామాను విడిగా ఎంతకు వస్తుందో చూసుకుంటే సగం చిక్కు అక్కడే తీరిపోతుంది. గ్యారేజీలో పని లేకుండా స్పేర్ల బండి ఉన్నవాళ్ళు దాన్ని ఈసారి అక్కడికే తీసుకెళ్ళండి. విప్పిన సామానంతా డబ్బాలో వేసి, టైటిలో పాత రిజిస్ట్రేషన్ కాగితమో ఏది ఉంటే అది వెంట పెట్టి, ఒకే మనిషికి మొత్తం అప్పగించండి.